ల్యూజ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ని హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని అర్థమయ్యేలా చూడటం ఎలా?

"స్లెడ్ వచ్చింది, పోయింది. ఎవరు బాగా జారారో, ఎవరు దెబ్బతిన్నారో ఏమీ తెలియలేదు. అందరూ ఒకేలా కనిపించారు."

చలికాలం వస్తే చాలు, నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇదే అంటారు. తప్పు మీ కళ్లది కాదు. గంటకి 120, 130 కిలోమీటర్ల వేగంతో, స్లెడ్ అనే చిన్న జారుబండి మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకి పెట్టి మంచు కాలువలో దూసుకుపోయే మనిషిని చూసి "ఇతను 0.04 సెకన్లు వెనకబడ్డాడు" అని చెప్పడం ఎవరివల్లా కాదు. ల్యూజ్‌ని సగం తెర మీద చూడాలి, సగం కాగితం మీద చూడాలి. కాగితం పక్కన లేకపోతే గంటసేపు ఒకే వీడియోని మళ్లీ మళ్లీ చూసినట్టే ఉంటుంది. ఆ కాగితం ఎలా పెట్టుకోవాలి, అందులో ఏం రాసుకోవాలి అన్నదే ఇక్కడ చెప్పబోయేది. ఆట చరిత్ర, భౌతికశాస్త్రం జోలికి పెద్దగా పోను.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

రెండు తెరలు కావాలి. ఒకటి వీడియోకి, ఒకటి లైవ్ టైమింగ్‌కి, అంటే ఒక్కొక్కరి టైము అప్పటికప్పుడు చూపించే పేజీకి. టీవీ, ఫోన్ ఉంటే సరిపోతుంది. ఒక్క ఫోనే ఉంటే వీడియో వదిలేసి లైవ్ టైమింగ్ పెట్టుకోండి, వీడియో తర్వాతైనా చూడొచ్చు. చాలామంది దీనికి ఉల్టా చేస్తారు.

ఒక రూళ్ల నోటుబుక్కు, రెండు రంగుల పెన్నులు, ఫోన్లో కాలిక్యులేటర్. ఆ ట్రాక్ మ్యాప్ ఒకటి కూడా ఉండాలి. ప్రింటు తీసుకుంటే మంచిది, లేదంటే చూసి చేత్తో గీసుకున్నా ఫర్వాలేదు.

వీడియో, టైమింగ్, ఫలితాలు, మూడింటికీ మొదట చూడాల్సింది అంతర్జాతీయ ల్యూజ్ సమాఖ్య, అంటే ఎఫ్‌ఐఎల్ వెబ్‌సైటు, దాని యూట్యూబ్ ఛానల్. ప్రసార హక్కులు సీజన్‌ని బట్టి మారుతుంటాయి. అందుకే పోటీకి ముందు రోజే లింకు తెరిచి చూసుకోండి. స్లెడ్ గేటు దగ్గరికి వచ్చాక వెతుక్కుంటూ కూర్చోకండి.

1. మీరు చూస్తున్నది ఆ పోటీయేనా అని తేల్చుకోండి

నాకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది. మంచు కాలువలో జారే ఆటలు మూడున్నాయి. బోర్లా పడుకుని తల ముందుకి పెట్టి వెళ్తే అది స్కెలిటన్. కారు లాంటి డొప్పలో కూర్చుని వెళ్తే బాబ్‌స్లెడ్. వెల్లకిలా, కాళ్లు ముందుకి పెట్టుకుని వెళ్తేనే ల్యూజ్. మొదటి రెండింటికీ వేరే సమాఖ్య ఉంది, వాటి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు వేరే తేదీల్లో జరుగుతాయి. పేరు కొట్టగానే వచ్చిన మొదటి వీడియో నొక్కేస్తే తల ముందుకి పెట్టినవాళ్లు కనిపిస్తారు, అక్కడితో ఆ సాయంత్రం పోయినట్టే.

ల్యూజ్‌లోనే ఇంకో చిక్కుంది. ప్రపంచ కప్ వేరు, ప్రపంచ ఛాంపియన్‌షిప్ వేరు. ప్రపంచ కప్ చలికాలమంతా ఊరూరా తిరుగుతుంది. గెలిస్తే 100 పాయింట్లు, రెండో స్థానానికి 85, మూడో స్థానానికి 70, అలా కూడుకుంటూ పోతారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఒకే ఊళ్లో, కొద్ది రోజుల్లో ముగుస్తుంది. అక్కడ పాయింట్లుండవు, ఆ రోజు గడియారం ఏం చెబితే అదే. మొదటిది 1955లో ఓస్లోలో జరిగింది. శీతాకాల ఒలింపిక్స్ ఉన్న ఏడాది ఇది జరగదు కాబట్టి ఆ ఏడు వెతక్కండి.

సహజమైన మంచు దారుల మీద జరిగే ల్యూజ్ కూడా ఒకటుంది. దానికీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఉంది, నడిపేదీ ఇదే సమాఖ్య. చుట్టూ కాంక్రీటు గోడల మలుపులు లేకుండా కొండ బాట లాంటిది కనిపిస్తే మీరు అటు వెళ్లారన్నమాట. అదీ మంచి ఆటే, కానీ కింద చెప్పే పద్ధతి దానికి అతకదు.

ఎలా సరిచూసుకోవాలి: లైవ్ టైమింగ్ పేజీ తల మీద మూడు విషయాలు చదవండి. పోటీ పేరు, ట్రాక్ పేరు, "ట్రైనింగ్" అని ఉందా లేక రేసు అని ఉందా. ట్రైనింగ్ రన్ (పైనుంచి కిందిదాకా ఒకసారి జారితే ఒక రన్) టైములు కూడా అదే పేజీలో అదే రూపంలో వస్తాయి. వాటిని అసలు ఫలితం అనుకుని గ్రూపుల్లో పెట్టేసినవాళ్లు ఎందరో.

2. టైము మన లెక్కలోకి మార్చుకోండి

సీజన్ నవంబరు చివర్లో మొదలై మార్చిలోపు అయిపోతుంది. అందుకే చలికాలం తేడాలు గుర్తుంటే చాలు.

జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ, నార్వే: అక్కడి టైముకి నాలుగున్నర గంటలు కలపండి. ఆల్టెన్‌బర్గ్‌లోనో వింటర్‌బర్గ్‌లోనో మధ్యాహ్నం రెండింటికి అంటే మనకి సాయంత్రం ఆరున్నర.

లాత్వియాలోని సిగుల్డా: మూడున్నర గంటలు కలపాలి.

అమెరికాలోని లేక్ ప్లాసిడ్: పదిన్నర గంటలు. అక్కడ సాయంత్రం నాలుగంటే మనకి తెల్లవారుజామున రెండున్నర.

కెనడాలోని విస్లర్: పదమూడున్నర గంటలు. అక్కడ శుక్రవారం సాయంత్రం ఐదంటే మనకి శనివారం పొద్దున్న ఆరున్నర. 2025 ప్రపంచ ఛాంపియన్‌షిప్ అక్కడే జరిగింది.

చైనాలోని యాన్‌చింగ్ అయితే కలపకూడదు, అక్కడి టైములోంచి రెండున్నర గంటలు తీసేయాలి.

జాగ్రత్త: అమెరికా ఖండం పోటీలకి టైముతో పాటు తేదీ కూడా మారుతుంది. ఫోన్లో అలారం పెట్టేటప్పుడు ముందు వారం పేరు రాసుకుని, తర్వాత గంట రాసుకోండి.

యూరప్ పోటీ అయితే మనవాళ్లకి ఇంకో ఇబ్బంది. ఆరున్నరకి మీరు రాయదుర్గంలో మెట్రో కోసం నిలబడి ఉంటారు. ఏం ఫర్వాలేదు, లైవ్ టైమింగ్‌లో ఉండేది అంకెలే కదా, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నా తెరుచుకుంటుంది. అమీర్‌పేట వచ్చేలోగా నోటుబుక్కులో కాకపోయినా ఫోన్ నోట్స్‌లో పది పేర్లు రాసేయొచ్చు. ఇంటికి చేరేసరికి రెండో రన్‌కి టీవీ దొరుకుతుందా లేదా అన్నది మీ ఇంట్లో సీరియల్ టైములని బట్టి ఉంటుంది. ఆ గొడవలో నేను తలదూర్చను.

3. ట్రాక్ మ్యాప్ మీద పది నిమిషాలు కూర్చోండి

మలుపులకి నంబర్లుంటాయి, కొన్నింటికి పేర్లూ ఉంటాయి. మ్యాప్ మీద మూడు చోట్ల గుర్తు పెట్టుకోండి: టైమ్ తీసే పాయింట్లు ఎక్కడున్నాయి, ఆ ట్రాక్‌లో పేరుమోసిన గడ్డు మలుపు ఏది, దాని తర్వాత స్లెడ్ నిటారుగా వెళ్లే దారి ఎంత పొడవు.

మూడోది ఎందుకంటే, గడ్డు మలుపులో పోగొట్టుకున్న వేగానికి తగిన జరిమానా ఆ తర్వాత దారిలో పడుతుంది. ల్యూజ్‌కి ఇంజనూ లేదు, తొక్కడమూ లేదు. పోయిన వేగాన్ని తిరిగి తెచ్చేది కింది దిగుడు ఒక్కటే.

విస్లర్‌నే తీసుకోండి. 16 మలుపులు. 13వ మలుపుని ఫిఫ్టీ-ఫిఫ్టీ అంటారు, చివరిది థండర్‌బర్డ్. ట్రాక్ మొత్తమ్మీద దిగుడు 152 మీటర్లు, చార్మినార్ మీద ఇంకో చార్మినార్ పెట్టినా పైన ఇంకా ఖాళీ మిగులుతుంది. ఈ ఆటలో అత్యధిక వేగాలు నమోదయ్యే ట్రాక్ అదే. 2010 ఒలింపిక్స్ మొదలయ్యే రోజే, ట్రైనింగ్‌లో జార్జియా దేశపు నోడార్ కుమారితాష్‌విలి అక్కడ ప్రాణాలు కోల్పోయాడు. ఆ తర్వాత స్టార్ట్‌ని కిందికి జరిపారు.

స్టార్ట్ అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఒకే ట్రాక్‌లో స్టార్ట్‌లు రెండు మూడు ఉంటాయి. చాలాచోట్ల పురుషుల సింగిల్స్ పైనుంచి, మహిళలు, డబుల్స్ (ఒకే స్లెడ్ మీద ఇద్దరు) కొంచెం కిందనుంచి బయల్దేరతారు. కాబట్టి "ఆమె అతనికంటే రెండు సెకన్లు ముందే వచ్చేసిందే!" అని పోల్చకండి. ఒక ట్రాక్ టైముని ఇంకో ట్రాక్ టైముతో అసలే పోల్చకూడదు. అదే ట్రాక్‌లో నిన్నటి టైమునీ ఇవాళ్టి టైమునీ పక్కపక్కన పెట్టినా పెద్దగా లాభం లేదు. మంచు పడినా, ఎండ కాసినా, గాల్లో తేమ పెరిగినా ఐసు మారిపోతుంది.

4. కాగితం గీయండి

పేజీని అడ్డంగా తిప్పండి. నిలువు గడులు ఇలా: స్టార్ట్ నంబరు, పేరు–దేశం, స్టార్ట్ టైమ్, మధ్య టైములు (దారిలో టైమ్ తీసే పాయింట్ల దగ్గరివి) మూడు, రన్ 1, రన్ 2, మొత్తం, గమనిక. మధ్య టైములు కొన్ని ట్రాకుల్లో మూడుంటాయి, కొన్నిచోట్ల ఎక్కువుంటాయి. ఎక్కువుంటే మొదటిది, గడ్డు మలుపు తర్వాతది, చివరిది తీసుకోండి, మిగతావి వదిలేయండి.

గమనిక గడిలో వాక్యాలు రాయడానికి టైముండదు. ఒక మనిషి ట్రాక్ మీద ఉండేది యాభై సెకన్లు, అటూ ఇటూగా. అందుకే ఒక్కో అక్షరం పెట్టుకోండి. నేను వాడేవి ఇవి: "గో" అంటే గోడకి తగిలాడు, "జా" అంటే స్లెడ్ అడ్డంగా జారింది, "కా" అంటే కాలు ఐసుకి ఆనింది, "ఆ" అంటే మలుపు ఆలస్యంగా దిగాడు. పక్కన మలుపు నంబరు. "గో 9" అని రాసి ఉంటే రెండు రోజుల తర్వాత చూసినా కథంతా గుర్తొస్తుంది.

అందరి వివరాలూ రాయాలని పంతం పట్టకండి. మొదటిసారి చూస్తుంటే ఎనిమిది మందిని ఎంచుకోండి. జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ, లాత్వియా, అమెరికా జట్ల నుంచి ఒక్కొక్కరు, ఇంకో ముగ్గురు మీ ఇష్టం. ఈ ఆటలో జర్మనీ పెత్తనం ఎంతటిదంటే, వాళ్లనే ఎంచుకుంటే పోటీ చూసినట్టుండదు, వాళ్ల ఇంటి పంచాయితీ చూసినట్టుంటుంది.

5. స్టార్ట్‌ని వదలొద్దు

టీ తెచ్చుకోవడానికి లేచేవాళ్లు సరిగ్గా ఇక్కడే లేస్తారు. అదే పెద్ద పొరపాటు. కంటికి స్పష్టంగా తేడా కనిపించే చోటు ఇదొక్కటే.

పచ్చ లైటు వెలిగాక సింగిల్స్‌కి 30 సెకన్లు, డబుల్స్‌కి 45 సెకన్లు గడువు. ఆటగాడు స్లెడ్ మీద కూర్చుని, రెండు పక్కలా ఉన్న కమ్మీల పిడులు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతాడు. ఒక్క ఊపున లాగి వదులుతాడు. ఆ వెంటనే చేతులతో ఐసుని గీరుతాడు. గ్లవుజుల వేళ్లకి చిన్న చిన్న మేకులుంటాయి. చిక్కడపల్లి స్విమ్మింగ్ పూల్‌లో పిల్లాడు చేతులు కొట్టినట్టు కాదు, బాగా వంగి రెండు చేతులూ ఒకేసారి పొట్టిగా, గట్టిగా వేస్తాడు. తర్వాత పడుకుంటాడు. తల వెనక్కి, కాలి వేళ్లు ముందుకి సాగి, శరీరం మొత్తం ఒక్క గీతలోకి వస్తుంది.

చూడాల్సినవి: చివరి గీత గీరాక పడుకోవడంలో తడబాటు ఉందా? పడుకునేటప్పుడు స్లెడ్ పక్కకి ఊగిందా? ఊగితే మొదటి మధ్య టైములోనే తెలిసిపోతుంది. "స్టార్ట్" గడిలో పడే అంకెని రంగు పెన్నుతో రాయండి.

స్టార్ట్ గొప్పగా ఉన్నవాడు గెలిచి తీరతాడని కాదు. కానీ స్టార్ట్‌లో వెనకబడ్డవాడు ఆ నష్టాన్ని కింద ఎక్కడో పూడ్చాలి, పూడ్చడానికి తప్పులేని రన్ కావాలి.

6. మధ్య టైములు చదవడం

తెర మీద రెండు రకాల అంకెలుంటాయి. ఒకటి బయల్దేరినప్పటి నుంచి అక్కడిదాకా పట్టిన మొత్తం టైము. ఇంకోటి అప్పటికి మొదటి స్థానంలో ఉన్నవాడితో తేడా. మైనస్, పచ్చ రంగు అంటే ముందున్నట్టు. ప్లస్, ఎరుపు అంటే వెనకబడినట్టు.

ఈ తేడా కూడుకుంటూ వచ్చే అంకె. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మూడో పాయింట్ దగ్గర ప్లస్ 0.060 కనిపిస్తే "మూడో భాగంలో 0.060 పోగొట్టుకున్నాడు" అనుకుంటారు. కాదు. రెండో పాయింట్ దగ్గర ఎంత ఉందో చూసి, దాన్ని తీసేస్తేనే మూడో భాగంలో పోయింది తెలుస్తుంది.

ఇలా చూడండి. కింది అంకెలు లెక్క నేర్పడానికి వేసినవే, ఏ పోటీవీ కావు. రెండో రన్‌లో ఒకడు 0.084 ఆధిక్యంతో బయల్దేరాడు. మొదటి పాయింట్ దగ్గర మైనస్ 0.091, రెండో దగ్గర మైనస్ 0.079, మూడో దగ్గర మైనస్ 0.020, ఫినిష్‌లో ప్లస్ 0.002. స్టార్ట్ బాగా చేశాడు, 0.007 పెంచుకున్నాడు. రెండో భాగంలో 0.012 పోయింది, అది మామూలే. మూడో భాగంలో ఏకంగా 0.059. చివరి భాగంలో ఇంకో 0.022. అంటే తప్పు చేసింది ఒక్కచోటే, డబ్బు కట్టింది రెండుచోట్ల.

తెర మీద ఎరుపు రంగు చూసి అక్కడే తప్పు జరిగిందనుకోకండి. రంగు మారడానికి ముందు భాగంలో ఏం జరిగిందో మీ గమనిక గడిలో చూడండి. చాలాసార్లు అక్కడ "ఆ" అనో "జా" అనో మీరే రాసి ఉంటారు.

గరిష్ఠ వేగం అంకెని చూసి మోసపోవద్దు. అందరికంటే ఎక్కువ వేగం నమోదు చేసినవాడు నాలుగో స్థానంలో ఉండటం మామూలే. అది ఒక్క చోట కొలిచిన వేగం. పైనుంచి కిందిదాకా ఎంత సేపు పట్టిందన్నదే రేసు.

7. కంటితో పట్టుకోగల తప్పులు

స్లెడ్‌కి స్టీరింగు లేదు, బ్రేకు లేదు. పిక్కలతో రన్నర్ల (స్లెడ్ కింద ఐసు మీద జారే రెండు బద్దీల) ముందు భాగాన్ని లోపలికి నొక్కడం, భుజాన్ని కొద్దిగా వంచడం, అంతే. అది బాగా చేసినప్పుడు ఏమీ కనిపించదు. ఏదైనా కనిపించిందంటే టైము పోయినట్టే. ఈ ఒక్క సూత్రం చాలు.

గోడకి తగిలితే తెల్లటి ఐసు పొడి చిమ్ముతుంది. తేలిగ్గా రాసుకుపోతే వందో వంతుల్లో పోతుంది, గట్టిగా తగిలితే పదో వంతులు పోతాయి. తగిలిన తర్వాత స్లెడ్ అటు గోడకీ ఇటు గోడకీ కొట్టుకుంటూ వెళ్తే ఇక అతని పేరు పక్కన చిన్న గీత పెట్టేయండి.

స్లెడ్ వెనక భాగం పక్కకి జరిగితే అది జారుడు. వెనకనుంచి తీసే కెమెరాలో బాగా తెలుస్తుంది. ఇక మలుపు ఆలస్యంగా దిగడం: గోడ మీద ఎత్తుకి వెళ్లిన స్లెడ్ సరైన చోట దిగకుండా ఇంకాస్త దూరం వెళ్లి దబ్బున నేల మీదికి వస్తుంది. పట్టుకోవడం కొంచెం కష్టం. ఒకే మలుపులో వరసగా నలుగురిని చూస్తే ఐదోవాడి తేడా మీకే తెలుస్తుంది.

తల పైకెత్తితే గాలికి అడ్డం పడుతుంది. కానీ తల ఎత్తిన ప్రతివాడినీ తప్పుపట్టకండి. మలుపుల్లో మీద పడే భారానికి మెడ నిలబడాలి కదా, ఒక్కోసారి దారి చూసుకోవడానికి కొద్దిగా ఎత్తుతారు.

8. రెండో రన్: ఇక్కడ లెక్క తప్పితే అంతా తప్పుతుంది

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సింగిల్స్‌కి, డబుల్స్‌కి రెండేసి రన్‌లు. ఒలింపిక్స్‌లో సింగిల్స్‌కి రెండు రోజుల్లో నాలుగు రన్‌లు, నాలుగోదానికి మొదటి 20 మందికే అవకాశం. రెండు రన్‌ల టైములూ కూడితే తక్కువ వచ్చినవాడే విజేత. మంచి రన్ ఒక్కటే తీసుకోవడం ఉండదు.

రెండో రన్‌లో వెనకున్నవాళ్లు ముందు వెళ్తారు, ఆధిక్యంలో ఉన్నవాడు చివర. అంటే నిమిషం నిమిషానికి మొదటి స్థానం మారుతూనే ఉంటుంది. "ఇప్పుడు ఫస్ట్ ప్లేసులో ఉన్నాడు!" అని మెసేజీ పెట్టేముందు ఇంకా ఎంతమంది మిగిలారో లెక్కపెట్టండి.

మళ్లీ మన లెక్కనే పూర్తిచేద్దాం. 0.084 ఆధిక్యంతో బయల్దేరినవాణ్ని అ అందాం, అతనితో పోటీపడ్డవాణ్ని ఇ అందాం. మొదటి రన్‌లో అ 52.314, ఇ 52.398. రెండో రన్‌లో అ 52.487, ఇ 52.401. కూడితే అ 104.801, అంటే 1 నిమిషం 44.801 సెకన్లు. ఇ 104.799, అంటే 1:44.799. ఇ గెలిచాడు, 0.002తో. సెకన్లు అరవై దాటగానే నిమిషంలోకి మార్చేటప్పుడు చేసే తప్పులు ఎక్కువ. ముందు సెకన్లలోనే కూడి, పోల్చి, చివర్లో మార్చండి.

0.002 అన్నది నేను కథకోసం వేసిన అంకె అనుకునేరు. 1998 నాగానో ఒలింపిక్స్ మహిళల సింగిల్స్‌లో జర్మనీకే చెందిన సిల్కే క్రౌషార్ 3:23.779తో స్వర్ణం గెలిచింది. బార్బరా నీడర్న్‌హూబర్ 3:23.781తో రజతం తీసుకుంది. నాలుగు రన్‌లు జారాక తేడా అది. గంటకి 126 కిలోమీటర్ల వేగంలో 0.002 సెకన్లంటే ఏడు సెంటీమీటర్లు. అందుకే మూడు దశాంశాలూ రాయండి. 52.31 అని కోసేసి రాస్తే కాగితం చెత్తబుట్టకి తప్ప దేనికీ పనికిరాదు.

1972 సప్పోరో ఒలింపిక్స్ డబుల్స్‌లో ఇటలీ, తూర్పు జర్మనీ జోడీల టైములు సమానమయ్యాయి, ఇద్దరికీ స్వర్ణం ఇచ్చారు. అప్పట్లో వందో వంతు దాకానే కొలిచేవారు, ఆ తర్వాత వెయ్యో వంతుకి మారారు. ఇప్పుడూ సమానం కావొచ్చు. అలా అయితే ఇద్దరికీ ఒకే స్థానం రాసి, తర్వాతి స్థానం ఖాళీ వదలండి.

హెచ్చరిక ఒకటి. వీడియో ఎప్పుడూ టైమింగ్ కంటే కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది. చివరి ముగ్గురి రన్‌లప్పుడు టైమింగ్ ఉన్న ఫోన్‌ని బోర్లా పెట్టేయండి, వాట్సాప్ కూడా మూసేయండి. మీకంటే ముందు ఫలితం తెలిసిన మిత్రుడు ఊరుకోడు.

9. రిలే చూస్తుంటే పై లెక్కలు పక్కన పెట్టండి

జట్టు రిలేలో గడియారం ఒక్కసారే మొదలై చివరివాళ్లు చేరేదాకా ఆగదు. ముందు మహిళల సింగిల్స్, తర్వాత పురుషుల డబుల్స్, ఆ తర్వాత పురుషుల సింగిల్స్, చివర మహిళల డబుల్స్. ఫినిష్ దగ్గర పైన ఒక పలక వేలాడుతుంటుంది. పడుకున్నవాడు లేచి దాన్ని చేత్తో కొట్టాలి. కొడితేనే పైన తర్వాతి స్లెడ్‌కి గేటు తెరుచుకుంటుంది. ఎంత బాగా జారినా పలక తప్పితే జట్టంతా పోయినట్టే.

ఇక్కడ కాగితంలో ఒక్క గడి చాలు: ప్రతి మార్పు దగ్గర తేడా ఎంత. మొదటిసారి చూసేవాళ్లకి, పిల్లలకి చూపించాలన్నా ముందు రిలే చూపించండి. ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు.

పోటీ లేని రోజుల్లో సాధన

పాత రేసు తీసుకుని చేయొచ్చు. నేను చెప్పేది 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ పురుషుల సింగిల్స్. జర్మనీకి చెందిన ఫెలిక్స్ లోఖ్, అంతకుముందు రెండు ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం గెలిచినవాడు, మూడు రన్‌ల తర్వాత ఆధిక్యంలో ఉన్నాడు. చివరి రన్‌లో తొమ్మిదో మలుపు దగ్గర దెబ్బతిని ఐదో స్థానానికి పడిపోయాడు. ఆస్ట్రియా ఆటగాడు డేవిడ్ గ్లైర్షర్ స్వర్ణం ఎగరేసుకుపోయాడు. ఆ రన్ చూస్తూ గమనిక గడిలో ఏం రాయాలో, నష్టం ఏ పాయింట్ దగ్గర ఎంత పెరిగిందో రాసి చూడండి. అది సరిగ్గా వచ్చిందంటే మీకు ఇక ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

అదే పోటీలో మన శివ కేశవన్ కూడా ఉన్నాడు. మనాలి దగ్గర వశిష్ఠ గ్రామం నుంచి వచ్చి 1998 నుంచి 2018 దాకా ఆరు ఒలింపిక్స్ ఆడాడు. మన దగ్గర ఐసు ట్రాకే లేకపోతే చక్రాల స్లెడ్ వేసుకుని హిమాలయాల రోడ్ల మీద సాధన చేసిన మనిషి.

ఆ వీడియోలు చూసి వచ్చే ప్రశ్నకి కూడా ఇక్కడే జవాబు. హైదరాబాద్‌లో ల్యూజ్ నేర్చుకునే చోటు లేదు. స్నో వరల్డ్‌లో ట్యూబు మీద జారడం సరదాకే తప్ప దీనికి సంబంధం లేదు. ఇక రాత్రి పదకొండు దాటాక జూబ్లీహిల్స్ దిగుడు రోడ్ల మీద స్కేట్‌బోర్డు మీద పడుకుని వెళ్దామనే ఆలోచన ఉన్నవాళ్లు దయచేసి మానుకోండి. కారులో ఉన్నవాడి కంటికి నేలకి జానెడు ఎత్తులో ఉన్న మనిషి కనపడడు.

10. మీ కాగితం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

రేసు అయ్యాక మూడు పరీక్షలు పెట్టండి.

మొదటిది, మీ "మొత్తం" గడిలోంచి రన్ 1 తీసేస్తే రన్ 2 రావాలి. రాకపోతే రాసేటప్పుడు తేడా అంకెని టైము గడిలో వేశారన్నమాట. ఈ తప్పు చాలా సాధారణం.

రెండోది, ఒక్కొక్కరికీ విజేతతో తేడా లెక్కకట్టి అధికారిక ఫలితాల పట్టికతో పోల్చండి. ఒకరిద్దరి అంకెలు కలవకపోతే మీ చేతిరాత తప్పు. అందరివీ ఒకే మోతాదులో తేడా వస్తుంటే విజేత టైమే తప్పు రాసుకున్నారు.

మూడోది, పట్టిక పేరు చూడండి. కొన్ని సీజన్లలో ప్రపంచ కప్ రేసునే యూరప్ ఛాంపియన్‌షిప్‌గా కూడా లెక్కిస్తారు. అదే రన్, అదే టైము, కానీ యూరప్ పట్టికలో అమెరికా, కెనడా వాళ్లుండరు. మీ కాగితంలో మూడో స్థానంలో ఉన్నవాడు అక్కడ రెండో స్థానంలో కనిపిస్తే కంగారుపడకండి.

పేర్ల పక్కన టైముకి బదులు మూడక్షరాలుంటే: డీఎన్‌ఎఫ్ అంటే రన్ పూర్తికాలేదు, డీఎన్‌ఎస్ అంటే బయల్దేరలేదు, డీఎస్‌క్యూ అంటే అనర్హత వేటు.

ఆ మూడోదాని వల్లే, ఫినిష్ లైను దాటిన వెంటనే పెన్ను మూత పెట్టేయకండి. కింద స్లెడ్‌ని, మనిషిని తూకం వేస్తారు. తేలిగ్గా ఉన్నవాళ్లు ఒక పరిమితి దాకా అదనపు బరువు కట్టుకోవచ్చు, అది దాటితే కుదరదు. రన్నర్ల ఉక్కు ఎంత వేడిగా ఉందో కూడా కొలుస్తారు. ప్రమాణంగా పెట్టిన ఉక్కు కంటే 5 డిగ్రీల సెల్సియస్‌కి మించి వేడి ఉండకూడదు, వెచ్చటి ఉక్కు ఐసు మీద ఇంకా బాగా జారుతుంది కాబట్టి. 1968 గ్రెనోబుల్ ఒలింపిక్స్‌లో తూర్పు జర్మనీ మహిళలు అనర్హులైంది రన్నర్లు వేడిచేశారన్న కారణంతోనే. అందుకే మొదటి మూడు పేర్లనీ పెన్సిలుతో రాసి ఉంచండి. పట్టిక మీద "అధికారిక ఫలితం" అని పడ్డాక పెన్నుతో దిద్దుకోండి.